కెల్ప్ నాటే ముందు సీ అర్చిన్లను లెక్కపెట్టండి

నార్వే ఉత్తర తీరంలో 1970ల నుంచి కెల్ప్ (పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు) అడవులు పోయి సముద్రపు నేల బోడిగా మిగిలింది. వాటిని మేసేసింది ఆకుపచ్చ సీ అర్చిన్, ముళ్ల బంతిలాంటి జీవి. దక్షిణ తీరంలోనూ చక్కెర కెల్ప్ అనే రకం పోయింది కానీ కారణం వేరు: వేడెక్కిన నీళ్లు, నేల మీంచి కొట్టుకొచ్చే పోషకాలు, ఒండ్రు. అక్కడ పీచు నాచు రాళ్లను కప్పేసింది కాబట్టి అర్చిన్లను సుత్తితో చితక్కొట్టి లాభం లేదు. అర్చిన్లను ఏరేసి కెల్ప్ నాటే ఈ పద్ధతి ఉత్తరాదికి.

30 మీటర్ల టేపు పరిచి, రెండు పక్కలా మీటరు వెడల్పున అర్చిన్లను లెక్కపెట్టాలి. మొత్తం 60 చదరపు మీటర్లు. వేర్వేరు లోతుల్లో కనీసం మూడు టేపులు వేయండి. రాళ్ల సందుల్లో దాక్కున్న అర్చిన్ పిల్లలను వదిలేస్తే లెక్కంతా వృథా, రేపు మేసేవి అవే.

తర్వాత ఏరివేత. డైవర్లు సుత్తితో చితక్కొట్టడం నిదానమే అయినా కచ్చితం. కాల్చిన సున్నం చల్లితే పెద్ద విస్తీర్ణం త్వరగా అవుతుంది, కానీ అది నక్షత్ర చేపలనూ కాలుస్తుంది. ఏ పద్ధతికైనా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇవి వసంతం మొదట్లో గుడ్లు వదులుతాయి కాబట్టి శీతాకాలంలోపే ముగించండి.

సగం తీసి ఆగిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. అడవిని పడగొట్టడానికి అర్చిన్ల దండు కావాలి, బోడి నేలను బోడిగా ఉంచడానికి కొన్ని చాలు. పైగా తిండి లేకపోయినా అవి చాలాకాలం బతుకుతాయి. 2014–16లో సముద్రం విపరీతంగా వేడెక్కాక కెల్ప్ పోయిన ఉత్తర కాలిఫోర్నియాలో, వేరే జాతి అర్చిన్ మీద, చదరపు మీటరుకు రెండుకు మించకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. ఇక్కడా దాన్నే కొలతగా పెట్టుకోవచ్చు.

చుట్టుపక్కల కెల్ప్ ఉంటే దాని బీజాలే వచ్చి మొలుస్తాయి, నాటనక్కర్లేదు. లేకపోతే కంకర పద్ధతి, అంటే కంకర మీద కెల్ప్ మొలిపించి సముద్రంలో చల్లడం. అదే తీరంలోని ముదిరిన చక్కెర కెల్ప్ నుంచి, ఆకు మధ్య నల్లబడిన మచ్చను కోయండి. తుడిచి, తడి కాగితంలో చుట్టి, చల్లగా, చీకట్లో ఒక రాత్రి ఉంచండి. మర్నాడు శుద్ధి చేసిన చల్లటి సముద్రపు నీటిలో వేస్తే బీజాలు వదులుతుంది. ఆ నీటిని వడగట్టి, శుభ్రంగా కడిగిన కంకర మీద పోయండి. 10 డిగ్రీల దగ్గర, పోషకాలు కలిపిన నీటిలో, వెలుతురు కింద పెంచండి. గోధుమరంగు జిగురు పేరుకుంటే డయాటమ్‌లు (కంటికి కనిపించనంత చిన్న నాచు) పట్టాయని అర్థం, చిటికెడు కన్నా తక్కువ జెర్మేనియం డయాక్సైడ్ అనే రసాయనం వాటిని ఆపుతుంది.

మొక్కలు 2–3 సెంటీమీటర్లయ్యాక పడవ మీంచి చల్లేయొచ్చు, డైవర్ అక్కర్లేదు. వేరులాంటి పట్టు పెరిగి, కంకర దాటి కింది బండను పట్టుకుంటుంది. అలలు గట్టిగా కొట్టే చోట కంకర దొర్లిపోతుంది, అక్కడ పెద్ద రాళ్లు వాడండి. నీరు 20 డిగ్రీలు దాటే చోటయితే మానుకోండి.

పీతల బోనులు ఆ చుట్టుపక్కల వేయనివ్వకండి. నీళ్లు వేడెక్కి ఉత్తరానికి పాకుతున్న గోధుమ పీతలు అర్చిన్ పిల్లలను తింటాయి, వాతావరణ మార్పులో మనకు కలిసొచ్చిన కొద్దిపాటి సంగతుల్లో అదొకటి. మూడు నెలలకోసారి అదే చోట టేపు మళ్లీ పరవండి. లెక్క చదరపు మీటరుకు రెండు దాటితే ముందు సుత్తి, కంకర తర్వాత.