ఇంటి రీఫ్ ట్యాంకులో ఆల్చిప్పలను పెంచడం ఎలా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీటిని వడకట్టి తినే ఆల్చిప్పలు ఎక్కువగా ఆకలితోనే చనిపోతాయి. పైకి గుల్ల చెక్కుచెదరదు, లోపలి కండ మాత్రం నెలల తరబడి కరిగిపోతూ ఉంటుంది. అందుకే మేత సంగతి తేల్చుకున్నాకే కొనండి.

1. ఏ రకమో ముందు తేల్చుకోండి

ట్రిడాక్నా క్లామ్‌లు అనే ఆల్చిప్పల ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు ఉంటుంది. వెలుతురు బాగుంటే వాటి ఆహారంలో పెద్ద వాటా అదే తయారుచేసి పెడుతుంది. వీటిలో కొత్తవారికి డెరాసా, స్క్వామోసా రకాలు నయం. క్రోసియా, మాక్సిమాలకు చాలా గట్టి వెలుతురు కావాలి. 5 సెంటీమీటర్లకన్నా చిన్న క్లామ్‌లు నిలదొక్కుకోవడం కష్టం.

ఎర్రటి మీసాలతో కళ్లు తిప్పుకోనివ్వని ఫ్లేమ్ స్కాలప్ అనే ఆల్చిప్పలో ఈ నాచు ఉండదు. నీళ్లలో తేలే సూక్ష్మ నాచు (ఫైటోప్లాంక్టన్), సన్నని రేణువులే దాని తిండి. రోజూ మేత వేయలేనివారు దాన్ని దయచేసి తేవద్దు.

2. ట్యాంకు సిద్ధం చేయండి

కనీసం 6 నెలలు, వీలైతే ఏడాది, నిలకడగా నడిచిన ట్యాంకు కావాలి. ఉప్పదనం (సాపేక్ష సాంద్రతగా) 1.025, వేడి 24–26 డిగ్రీల సెల్సియస్, కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఆల్కలినిటీ (క్షారత) 8–10 డీకేహెచ్ (దాని కొలమానం), మెగ్నీషియం 1250–1350 పీపీఎం ఉండేలా చూడండి. అమ్మోనియా, నైట్రైట్ అసలు ఉండకూడదు. నైట్రేట్‌ను మాత్రం సున్నాకి దించకండి, ట్రిడాక్నాలకు అదీ ఆహారమే. చేపల జబ్బుకి రాగి మందు వాడిన ట్యాంకైతే ఆశ వదులుకోండి. రాళ్లు, ఇసుక పీల్చుకున్న రాగి మెల్లగా నీళ్లలోకి దిగి వీటిని చంపుతుంది. ట్రిగ్గర్, పఫర్, బటర్‌ఫ్లై చేపలున్నచోట క్లామ్ బతకదు.

3. చూసి కొనండి

చేతి నీడ పడగానే గుల్ల చటుక్కున ముడుచుకోవాలి. నోరు తెరుచుకుని ఊరికే ఉంటే వద్దు. అడుగున పీచులా కనిపించే బైసస్ దారాలు తెగిపోయి, కండ చిరిగి ఉన్నా వద్దు. రాయికి అంటుకున్న క్లామ్‌ను లాగకండి, దారాలను రాయి దగ్గర కోయండి. లాగితే బైసస్ గ్రంథి ఊడివస్తుంది, ఆ గాయం నుంచి కోలుకోవడం అరుదు.

4. ట్యాంకులోకి దించండి

సన్నని గొట్టంతో చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలుపుతూ గంటసేపు అలవాటు చేయండి. డెరాసా, స్క్వామోసాలను ఇసుకపై పెట్టి, కింద చదునైన రాతి ముక్క ఉంచండి. దారాలు ఆ ముక్కకే పట్టుకుంటాయి, తర్వాత జరపాల్సి వస్తే ముక్కతో సహా జరపొచ్చు. ఫ్లేమ్ స్కాలప్ నీడపట్టున రాతి సందు వెతుక్కుంటుంది. గుల్ల టపటపలాడిస్తూ ఈదుతుంది కాబట్టి పంపు మూతులకు స్పాంజి తొడగండి.

5. మేత వేయండి

మేత అంటే సీసాల్లో దొరికే ఫైటోప్లాంక్టన్. ఒకే పెద్ద మోతాదు దండగ. అదే మేతను రోజుకు మూడు నాలుగు సార్లుగా పంచండి, కొద్దికొద్దిగా తనే వేసే డోసింగ్ పంపు ఉంటే మరీ మంచిది. ఈ నాచులో రకాన్ని బట్టి కణం సైజు మారుతుంది: నానోక్లోరాప్సిస్ కణం సుమారు 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఐసోక్రైసిస్ 4–6, టెట్రాసెల్మిస్ 10 లేదా ఆపైన. ఒక్క రకమే కాకుండా ఇవి కలిపి వాడండి. సీసాపై రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షిస్తూ పెంచండి. సీసాను ఫ్రిజ్‌లో ఉంచి రోజూ కుదపాలి, కంపు కొడితే పారబోయాలి.

మేత వేసేటప్పుడు స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం), యూవీ దీపం రెండు గంటలు ఆపండి, ఫిల్టర్ సాక్ (నీళ్లు వడకట్టే గుడ్డ సంచి) తీసేయండి. లేదంటే అవి మేతను కూడా తీసేస్తాయి. నీళ్లు కదిలించే పంపులు మాత్రం నడవాలి. గుల్ల అంచు దగ్గర నుంచి చూడండి. మింగని రేణువులు జిగురు ముద్దలై బయటికి వస్తాయి. కొద్దిగా వస్తే మామూలే. ఆకుపచ్చ తీగల్లా వస్తూనే ఉంటే మేత చిక్కనైందని అర్థం, పలచన చేయండి.

6. రోజూ గమనించండి

గుల్ల అంచున తెల్లటి కొత్త పొర పడుతుంటే పెరుగుతున్నట్టే. రాత్రి దీపాలు ఆర్పాక టార్చితో గుల్ల అంచులు, అడుగు వెతకండి. బియ్యపు గింజ సైజులో తెల్లటి నత్తలు కనిపిస్తే అవి పిరమిడెల్లిడ్‌లు, క్లామ్ రసం పీల్చేవి. గుల్లను మెత్తని బ్రష్‌తో రుద్ది, గుడ్ల జిగురునూ తీసేయండి. మళ్లీ పుడతాయి కాబట్టి కొన్ని వారాలు వరసగా చూడాలి.

ముట్టుకున్నా మూసుకోకుండా గుల్ల తెరిచే ఉండిపోతే చనిపోయినట్టే. వెంటనే తీసేసి అమ్మోనియా పరీక్షించండి, అది కనిపిస్తే నీళ్లలో పావు వంతు మార్చండి.