వెదురు బీతోంగ్, జేడ్ నీళ్ల గిన్నె: దేన్ని ఎప్పుడు పట్టించుకోవాలి

చైనా పండితుల రాతబల్ల వస్తువులు కొనాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. జేడ్‌తో ఎక్కువ పని కొనేముందు, వెదురుతో ఎక్కువ పని కొన్నాక. జేడ్‌ని ‘పచ్చ’ అని రాసేవాళ్లున్నారు గానీ పచ్చ వేరే రాయి.

కుంచె కడిగే జేడ్ గిన్నె దొరికితే ముందు కాటా తీయండి. పొడిగా తూచండి. తర్వాత నీళ్ల పాత్రను డిజిటల్ కాటా మీద పెట్టి సున్నా చేసి, గిన్నెను దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ అంచుకీ తగలకూడదు. పొడి బరువు 236 గ్రాములు, ఇప్పుడు కాటా చూపేది 80 అయితే భాగిస్తే 2.95. జేడ్ రెండు రకాలు, నెఫ్రైట్, జేడైట్. చైనాలోని షిన్‌జియాంగ్ హోతాన్ వైపు దొరికే నెఫ్రైట్ సాంద్రత దాదాపు ఇంతే. బర్మా జేడైట్ అయితే 3.3 దగ్గర వస్తుంది. మామూలు గాజు 2.5 దగ్గర, జేడ్‌లా కనిపించే సర్పెంటైన్ రాయి 2.6 దగ్గర ఆగిపోతాయి. లెక్క తగ్గి వస్తే చెక్కడం సందుల్లో గాలి బుడగలు ఇరుక్కున్నాయేమో చూసి, మెత్తటి కుంచెతో తుడిచి మళ్లీ తూచండి. చెక్క పీట ఉంటే ముందే తీసేయాలి. రంగు వేశారా లేదా అన్నది మాత్రం కాటా చెప్పదు. 10 రెట్ల భూతద్దంలో రంగు పగుళ్ల వెంబడి గీతల్లా పేరుకుని ఉంటే అనుమానించండి. చాకుతో గీసి చూపించే అమ్మకందారు మాట నమ్మొద్దు. చాకుకి లొంగనంత మాత్రాన జేడ్ కాదు, క్వార్ట్జ్ కూడా లొంగదు.

కుంచెలు నిలబెట్టే వెదురు గొట్టం, అంటే బీతోంగ్, విషయంలో కొనేటప్పుడు చూడాల్సింది దాని పైఅంచు. అడ్డకోతలో నారపోగులు ముదురు చుక్కల్లా కనిపించాలి: తొక్క దగ్గర ఆవాలు పోసినట్టు దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా. రెజిన్ పోతపోసిన వాటిలో ఈ అమరిక ఉండదు. లియూచింగ్ పనితనమైతే బొమ్మ ఉన్నచోట పలచటి తొక్కను ఉంచి, చుట్టూ గీకేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి కండ ఎర్రబారుతుంది, తొక్క పసుపుగానే ఉంటుంది, బొమ్మ తేలి కనిపిస్తుంది. అందుకే నూనె రాయకండి. రెండూ కలిసి నల్లబడి, దుమ్ము పట్టి, ఆ తేడా పోతుంది.

ఇంటికి తెచ్చాక పగుళ్ల భయం మొదలవుతుంది. ఏసీ గాలి తగిలే చోట, ఎండ పడే కిటికీ పక్కన పెట్టొద్దు. గాలిలో తేమ 50-60 శాతం ఉంటే మంచిది. అడుగున విడిగా చెక్క బిళ్ల బిగించి ఉంటే మరీ జాగ్రత్త: గోడ ఎండి ముడుచుకుంటుంటే బిళ్ల దాన్ని ముడుచుకోనివ్వదు, నిలువునా చీలుతుంది. ఊడిన బిళ్లను గట్టి జిగురుతో చుట్టూ అతికిస్తే చీలికను పిలిచి కూర్చోబెట్టినట్టే.

కోస్తాలో వానాకాలం మరో గొడవ, పుచ్చు. బల్ల మీద గోధుమపిండిలాంటి పొడి, గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే పిండిపదార్థం కోసం పురుగు చేరినట్టు. రెండు పాలిథిన్ సంచుల్లో గాలి తీసి బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే వెదురు మీద చెమ్మ పడుతుంది.

తడి కుంచెలు బీతోంగ్‌లో పెట్టకండి. మొన కిందికి ఉండేలా వేలాడదీసి, పూర్తిగా ఆరాకే అందులో వేయండి.