మొదటి పేపర్ రాస్తున్న జూనియర్లకి: రా ఫైల్, రచయితల పేర్లు, ఆ పది శాతం గొడవ

బెంగళూరు హెబ్బాళ దగ్గర మేం తినే మెస్‌లో ప్రతి ఏడాదీ కొత్త పీహెచ్‌డీ బ్యాచ్ కనబడుద్ది, సగం మంది అనంతపురం, కర్నూలు, గుంటూరు వైపు వాళ్లే, పప్పులో నెయ్యి కలుపుకుంటూ అందరూ అడిగేది ఒకటే, "అన్నా, సిమిలారిటీ ఎంత లోపు ఉండాలి?" అని, అంటే సాఫ్ట్‌వేర్ లెక్కలో మన రాత వేరేవాళ్ల రాతతో ఎంత శాతం దాకా కలవొచ్చని. నేనేమో ఆ సంగతి పక్కనపెట్టి "మొన్న తీసిన బ్లాట్ ఒరిజినల్ ఫైల్ ఎక్కడుంది, ఇప్పుడు చూపించగలవా?" అంటా. బ్లాట్ అంటే శాంపిల్‌లోని ప్రోటీన్లు పట్టీల్లా, అంటే బ్యాండ్లుగా, కనబడే ఫోటో. మొహం మాడ్చుకుంటారు. కానీ పేపర్ పరువు పోయేది ఎక్కువగా అక్కడే, నాకే జరిగింది కాబట్టి చెప్తున్నా.

థర్డ్ ఇయర్‌లో నా పేపర్ రివ్యూకి వెళ్లింది. రివ్యూయర్ రాసింది ఒకే ఒక్క వాక్యం, రెండో ఫిగర్‌లో యాక్టిన్ (శాంపిల్స్ సమానంగా వేశామా అని సరిచూసుకునే ప్రోటీన్) బ్యాండ్లూ ఐదో ఫిగర్‌లో యాక్టిన్ బ్యాండ్లూ ఒకేలా ఉన్నాయి, చూసుకోండి అని. చూస్తే నిజమే, మూడో లేన్ కింద చిన్న మచ్చతో సహా అచ్చు అదే. రెండూ వేర్వేరు ప్రయోగాలు. ఏం జరిగిందంటే ల్యాబ్ మీటింగ్ పీపీటీలో క్రాప్ చేసిన బొమ్మలు "యాక్టిన్ ఫైనల్", "యాక్టిన్ ఫైనల్ కొత్తది" అని రెండు ఉన్నాయి, శుక్రవారం రాత్రి ఊరి బస్సు పట్టుకోవాలన్న కంగార్లో ఒకటే రెండుచోట్లా పేస్ట్ చేసేశా. బతికిపోయింది ఎలాగంటే ఇమేజింగ్ మెషీన్ కంప్యూటర్‌లో తేదీతో ఒరిజినల్స్ ఉన్నాయి, నోట్‌బుక్‌లో ఏ లేన్‌లో ఏ శాంపిల్ వేశానో రాసుంది. మా సార్ తిట్టలేదు గానీ, తప్పు మాదేనని ఎడిటర్‌కి నా చేతే రాయించారు, మిగతా ఫిగర్లన్నీ మళ్లీ తేల్చమన్నారు. రెండు రోజులు అన్నం సయించలా.

ఇలాంటివి అరుదేం కాదు. పేపర్లలో ఫిగర్ల తేడాలు పట్టుకునే సైంటిస్టు ఎలిజబెత్ బిక్ టీం 2016లో 20,621 పేపర్లు కళ్లతో చూస్తే 3.8 శాతం పేపర్లలో ఫిగర్లు తేడాగా ఉన్నాయి, వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టు అనిపించాయి. మనది కంగారా, మోసమా అని బయటివాళ్లకి ఎలా తెలుసుద్ది? రా ఫైల్, అంటే ఆ ఒరిజినల్, చూపిస్తేనే.

అందుకని ఇలా చేయండి. ఇమేజ్ తీసిన రోజే ఒరిజినల్‌ని రెండుచోట్ల పెట్టుకోండి, ఒకటి ఇన్‌స్టిట్యూట్ సర్వర్, ఒకటి హార్డ్ డిస్క్, ఫైల్ పేరు తేదీతో మొదలెట్టి పక్కన నోట్‌బుక్ పేజీ నంబర్ వేయండి. క్రాప్ చేసేది కాపీ మీదే. పీపీటీలోంచి పేపర్‌లోకి ఏదీ తేవద్దు, ఇది మాత్రం గుడ్డిగా పాటించండి. బ్రైట్‌నెస్ పెంచాలంటే మొత్తం ఇమేజ్‌కి సమానంగా పెంచొచ్చు, మనకి నచ్చిన బ్యాండ్ ఒక్కదానికే పెంచకూడదు. మధ్యలో లేన్లు తీసేసి అతికిస్తే అతికిన చోట గీత కనబడాలి, కింద లెజెండ్‌లో (ఫిగర్ వివరణలో) రాయాలి. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే వైట్‌నర్ పూయొద్దు, ఒక్క గీత కొట్టి తేదీ వేసి పక్కన సరైనది రాయండి. ఇక ఒక ఎక్సెల్ షీట్, ఫిగర్ నంబర్, ఫైల్ పేరు, పేజీ నంబర్, మూడు కాలమ్స్ చాలు. పంపే ముందు పక్క బెంచీ ఫ్రెండ్‌కి ఆ షీట్ ఇచ్చి "ఏవైనా మూడు ప్యానెల్స్ చెప్పు" అనండి, ఐదు నిమిషాల్లో రా ఫైల్ తీసి చూపించలేకపోతే ఆ రోజు సబ్మిట్ చేయొద్దు.

పేర్ల సంగతి ఇంకా తలనొప్పి. ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) రూల్ ప్రకారం రచయిత అనిపించుకోడానికి నాలుగు ఉండాలి: పనిలో గట్టి పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో చేయి, ఫైనల్ వెర్షన్‌కి ఒప్పుకోలు, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ. నాలుగూ కావాలి, ఏదో ఒకటి కాదు. యాంటీబాడీ ఇచ్చినాయన, ఫండ్ మాత్రమే తెచ్చినాయన అక్నాలెడ్జ్‌మెంట్స్‌లోకే. మన దగ్గర మొహమాటానికి పేర్లు ఇరికించడం పెళ్లి కార్డులో బంధువుల లిస్టులా సాగుద్ది. జూనియర్ నోరెత్తి కాదనలేడు, నాకూ తెలుసు. కాబట్టి కాదనొద్దు, అడగండి: "సార్, జర్నల్‌లో ఎవరెవరు ఏం చేశారో కాంట్రిబ్యూషన్స్ రాయాలంట, ఆయన పేరు పక్కన ఏం రాయమంటారు?" ఎవరు ఏం చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) అనే పద్ధతిలో 14 రకాల పాత్రలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఇమడకపోతే పెద్దాయనకే అర్థమవుద్ది. పేర్ల వరస గురించి పని మొదట్లోనే మాట్లాడుకుని, సాయంత్రం "నిన్న మనం అనుకున్నట్టు" అని ఒక చిన్న మెయిల్ కొట్టేయండి.

ఇప్పుడు ఆ పది శాతం. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో థీసిస్‌కి 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది దాకా మళ్లీ ఇవ్వడానికి లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయ సూచిక లాంటివి లెక్కలోకి రావు. కానీ పది అనేది కాపీకి ఇచ్చిన కోటా కాదు, ఇంకొకళ్ల రిజల్ట్స్‌లో ఒక పేరా ఎత్తుకొస్తే మొత్తం మూడు శాతమే వచ్చినా అది దొంగతనమే. శాతం తగ్గించడానికి పదాలు మార్చే టూల్స్ వాడేవాళ్లుంటారు, వాటి పుణ్యమా అని బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా "బుజమ్ పెరిల్" అయిపోయి పేపర్లలోకి ఎక్కింది, ఇలాంటి వింత మాటలు పట్టుకుని పేపర్లు ఏరేవాళ్లు కూడా ఉన్నారు. చదివి, పుస్తకం మూసి, మీ మాటల్లో రాసి, ఎక్కడిదో సైట్ (cite) చేయండి, ఇంతకంటే దగ్గరిదారి నాకు తెలీదు. ఏఐ వాడితే వాడానని చెప్పండి, దాన్ని రచయితగా పెట్టకూడదు, అదిచ్చిన ప్రతి రిఫరెన్సునీ డీఓఐ (ప్రతి పేపర్‌కీ ఉండే ఆన్‌లైన్ గుర్తింపు నంబర్) కొట్టి తెరిచి చూడండి, లేని పేపర్లు కూడా ఉన్నట్టు రాసిస్తది.

జర్నల్ గురించి క్లుప్తంగా. యూజీసీ కేర్ లిస్టు (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా) 2025లో తీసేశారు కాబట్టి లిస్టులో ఉంది కదా అని ఊరుకోడానికి లేదు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు నంబర్) సరిచూడండి, ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి సొంత పేజీలు తెరిచి ఈ జర్నల్ పేరు అక్కడుందో లేదో చూడండి. ఒక పేపర్ ఒకేసారి ఒక్క జర్నల్‌కే. పెద్ద పబ్లిషర్ అనగానే నిశ్చింత కూడా వద్దు, 2023లో హిందావి అనే ఒక్క పబ్లిషర్ నుంచే 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు.

మనుషుల శాంపిల్స్ అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి పని మొదలవ్వకముందే రావాలి, తర్వాత తెచ్చుకోవడం కుదరదు.

ఇక పక్కవాళ్ల డేటా తేడాగా కనబడితే? వాట్సాప్ గ్రూపులో పెట్టకండి బాబూ. ముందు వాళ్లనే "ఈ ప్యానెల్ ఒరిజినల్ ఒకసారి చూడొచ్చా" అని మామూలుగా అడగండి, నాలాంటి కంగారు కేసు కూడా అయ్యుండొచ్చు. తేలకపోతే గైడ్ దగ్గరికి, అక్కడా తేలకపోతే, లేదా గైడే అందులో ఉంటే, ఇన్‌స్టిట్యూట్ ఇంటెగ్రిటీ కమిటీకి రాతపూర్వకంగా. అందులో ఫిగర్ నంబర్లు, ఫైల్ పేర్లు, తేదీలు మాత్రమే రాయండి, వాడు ఎలాంటోడో రాయొద్దు.