నలభై మంది క్లాసులో ఎవరి లెక్క వాళ్లకు పూర్తిగా వచ్చేలా చెప్పడం ఎలా

నేను విశాఖపట్నంలో ఒక మున్సిపల్ హైస్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. పిల్లల్లో చాలామంది పెదజాలరిపేట అనే మత్స్యకారుల పేట నుంచి వస్తారు. క్లాసుకి నలభై మంది. ఇంతమందిలో ఒక్కొక్కరినీ వాళ్ల స్థాయి నుంచి మొదలుపెట్టి, వచ్చిందని తేలాకే ముందుకు పంపడం ఎలా కుదురుతుందని తోటి టీచర్లు అడుగుతుంటారు. కుదురుతుంది. ట్యాబులు కూడా అక్కర్లేదు. ఒక రూళ్ల పుస్తకం, చిత్తు కాగితాలు, పీరియడ్‌లో ఇరవై నిమిషాలు చాలు.

మామూలుగా మనం టైమ్‌ని బిగించేస్తాం. భిన్నాలకి రెండు వారాలు అనుకుంటే, వచ్చినవాళ్లకి వచ్చింది, రానివాళ్లకి రాలేదు, పాఠం ముందుకెళ్లిపోతుంది. దీన్ని తిరగేయాలి. నేర్చుకోవాల్సింది అందరికీ ఒకటే, పట్టే టైమ్ మాత్రం పిల్లని బట్టి మారుతుంది. అమెరికాలో చదువు మీద పరిశోధన చేసిన జాన్ క్యారల్ 1963లో ఈ మాట చెప్పారు. 1968లో అక్కడి మరో పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ దాన్ని క్లాసులో చేయగలిగే పద్ధతిగా మార్చి, మాస్టరీ లెర్నింగ్, అంటే పూర్తిగా వచ్చాకే ముందుకెళ్లే చదువు అన్నారు. ఒక్కో పిల్లకి విడిగా ఒక టీచరు ఉండి ఇలా చెబితే ఫలితం ఎంతో పెరుగుతుందని 1984లో ఆయన రాసిన లెక్క బాగా పేరు పొందింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో అంత పెద్ద తేడా రాలేదు. అయినా మేలు మాత్రం గట్టిగానే కనిపించింది, నాకు అది చాలు.

ముందుగా ఎవరు ఎక్కడున్నారో చూడాలి. జూన్‌లో బడి తెరవగానే పాఠ్యపుస్తకం తెరవకండి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ, పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడే వరుస చాలా తేలిక: ఒకట్ల అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లనీ దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. మూకుమ్మడి పరీక్ష పెడితే పక్కవాడి కాగితంలో చూసి ఎంత రాశారో తెలుస్తుంది, అంతే.

మార్కుల కంటే తప్పు ముఖ్యం. 816ని 4తో భాగించమంటే 24 అని రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. భాగహారం రాదని మళ్లీ మొదటి నుంచి ఎక్కాలు బట్టీ పట్టిస్తే వాళ్ల టైమ్ వృథా. వాళ్లకి ఎక్కం వచ్చు, 4 రెండ్లు 8 అని సరిగ్గానే చెప్పారు. పోయింది స్థాన విలువ. నేనైతే తప్పని చెప్పకుండా, "ఎలా వచ్చింది నాన్నా, చెప్పు" అని అడుగుతాను. తర్వాత పుస్తకం మూసేసి, "వేటకెళ్లొచ్చాక 816 రూపాయలు నలుగురు సమానంగా పంచుకుంటే తలకెంత?" అంటాను. హార్బర్లో చేపల వేలం పాట వింటూ పెరిగిన పిల్లలు. ఎనిమిది వందలకి తలా రెండు వందలు, మిగిలిన పదహారుకి తలా నాలుగు, "రెండొందల నాలుగు టీచర్" అనేస్తారు. అప్పుడు ఆ 204ని వాడు రాసిన 24 పక్కన పెట్టాలి. కాగితంతో చేసిన వంద నోట్లు ఎనిమిది, పది నోటు ఒకటి, రూపాయలు ఆరు ఇవ్వండి. వందలు పంచుతాడు. పది నోటు దగ్గర చేయి ఆగిపోతుంది, ఒక్క నోటుని నలుగురికి పంచలేడు కదా. తలకి పదుల నోట్లు ఎన్ని వచ్చాయి? ఏమీ రాలేదు. అదే ఆ సున్నా. ఇక్కడ తొందరపడి సున్నా మీరే వేయొద్దు. వాడు ఆ నోటుని చిల్లర మార్చి, పదహారు రూపాయలు పంచేదాకా ఊరుకోండి. నా అనుభవంలో ఈ ఒక్క పని, పది లెక్కలు బోర్డు మీద చేయించినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టుకోవాలి. భిన్నాల కూడిక తీసుకుంటే: సమాన భాగాలంటే ఏమిటో, సమాన భిన్నాలు, ఒకే హారం ఉన్నవి కూడడం, క.సా.గు., ఆఖర్న వేర్వేరు హారాలు. 1/2, 1/3 కలిపి 2/5 అని రాసిన పిల్ల ఆఖరి మెట్టు మీద కాదు, రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. "అర కిలోకి ఇంకొంత కలిపితే అర కిలో కంటే తగ్గుతుందా?" అని అడిగితే తనే నాలిక కరుచుకుంటుంది.

ఒక్కో మెట్టుకి అయిదు లెక్కల చీటీ. నాలుగు సరిగ్గా వస్తే ముందుకి. రాకపోతే మళ్లీ చెప్పాలి, కానీ మొదటిసారి చెప్పినట్టే కాదు. బోర్డు మీద చెప్పింది ఎక్కకపోతే కాగితం మడిచి చూపించండి, నోట్లతో, కొలగ్లాసులతో చేయించండి. అదే మాట గొంతు పెంచి చెబితే పిల్లకి భయం పెరుగుతుంది, లెక్క రాదు. రెండో చీటీలో లెక్కలు వేరేగా ఉండాలి, కష్టం అంతే ఉండాలి. ఈ చీటీల మార్కులు ఎక్కడా రిజిస్టర్లో ఎక్కించకండి. ఎక్కిస్తే పిల్లలు దాచడం మొదలుపెడతారు.

ముందే పూర్తి చేసినవాళ్లని తర్వాతి చాప్టర్‌కి తోసేయకండి. అదే విషయంలో లోతైన లెక్క ఇవ్వండి: భాగిస్తే జవాబు మధ్యలో సున్నా వచ్చే సంఖ్యలు మీరే తయారుచేయండి, అలా ఎందుకు వస్తుందో రాయండి అంటే అరగంట తల పైకెత్తరు. పక్కవాళ్లకి చెప్పించడం మంచిదే, కానీ రోజూ అదే పిల్లతో చెప్పిస్తే ఆమె చదువు ఆగిపోతుంది.

గుంపులు మెట్టుని బట్టి వేయాలి, వారానికోసారి మార్చాలి. భాగహారంలో వెనకున్నవాడు కోణాల్లో ముందుండొచ్చు. "డల్ బ్యాచ్" అనే మాట క్లాసులో ఎవరి నోటా రానివ్వకండి, మన నోటితో సహా. దీని మీద నాకు రాజీ లేదు.

సిలబస్ టెన్షన్ నిజమే. ఫార్మేటివ్ పరీక్షలు ఆగవు. అందుకే నలభై అయిదు నిమిషాల్లో ఇరవై అయిదు అందరికీ పుస్తకంలోని పాఠం, ఇరవై ఎవరి మెట్టు వాళ్లది. మొదటి నెల వెనకపడ్డట్టే ఉంటుంది. దసరా సెలవుల తర్వాత భిన్నాలూ దశాంశాలూ వచ్చేసరికి, పునాది ఉన్న పిల్లలకి సగం చెబితే చాలు, అక్కడ ఆ టైమ్ తిరిగి వస్తుంది.

అమ్మానాన్నలకి కూడా చెప్పాలి. "మా గుంటడికి లెక్కలు రావండీ" అంటూ మొదలుపెట్టే అమ్మకి మార్కులు చూపించకండి. "తీసివేత పూర్తిగా వచ్చిందమ్మా, ఇప్పుడు భాగహారంలో రెండో మెట్టు మీద ఉన్నాడు" అనండి. వేటకెళ్లే నాన్నల్ని కలవాలంటే ఏప్రిల్ మూడో వారం మంచిది. 15వ తేదీ నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఇళ్ల దగ్గరే ఉంటారు.

రూళ్ల పుస్తకంలో పేర్లు నిలువుగా, మెట్లు అడ్డంగా రాసుకోండి. దాటిన మెట్టుకి తేదీ వేయండి. మూడు వారాల తర్వాత ఆ తేదీలు చూసి, దాటిన మెట్టు నుంచే రెండు లెక్కలు, ముందు చెప్పకుండా ఇవ్వండి. మర్చిపోతే తేదీ కొట్టేసి, మళ్లీ నోట్లతో మొదలుపెట్టండి. రెండోసారి ఎక్కడానికి మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు.