హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్ లేవకపోతే ముందు తెర చదవండి

కడపలో మా స్కూల్ ల్యాబ్‌లో 22 కంప్యూటర్లున్నాయి. ఒక్కదానికీ హార్డ్‌డిస్క్ లేదు. కడప బండ పరిచిన అరుగు మీద వరుసగా ఉన్న ఆ మెషిన్లన్నీ, మూలనున్న ఒక్క సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా లినక్స్ తెచ్చుకుని లేస్తాయి. తొమ్మిదేళ్లుగా వాటి బాగోగులు చూసేది నేనే. వేరే స్కూళ్లలో ఇలాంటి ల్యాబ్ చూసుకునేవాళ్లు "మేడం, మెషిన్ లేవట్లేదు" అని ఫోన్ చేస్తే ముందు ఒకటే అడుగుతాను: తెర మీద చివరి లైన్ ఏముంది? రీస్టార్ట్ కొట్టకముందే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మెషిన్ ఎంతవరకు వచ్చి ఆగిందో ఆ లైనే చెబుతుంది. ఒక్కటే లేవకపోతే ముందే సర్వర్ జోలికి వెళ్లకండి. అన్నీ ఆగిపోతేనే మొదట అటు చూడాలి.

పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచి లేచే పద్ధతి) అన్న మాటే తెర మీదికి రాకుండా "బూట్ డివైస్ లేదు" అని వచ్చిందంటే, మెషిన్ అసలు నెట్‌వర్క్‌ను అడగనేలేదు. వేసవి సెలవులయ్యాక జూన్‌లో మాకు ఎక్కువగా వచ్చేది ఇదే. రెండు నెలలు కరెంటు లేకుండా పడి ఉంటే మదర్‌బోర్డు మీది పాతబడ్డ బిళ్ల బ్యాటరీ అయిపోతుంది, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. బయోస్‌లోకి వెళ్లి తేదీ చూడండి. ఎప్పటిదో జనవరి 1 కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ప్లగ్ తీసేసి, పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. కొత్తది మీటర్‌లో 3 వోల్టులకు పైనే చూపిస్తుంది. 2.7 కంటే తక్కువ చూపిస్తే నేను మార్చేస్తాను. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. తర్వాత బయోస్‌లో లాన్ బూట్ రోమ్‌ను (నెట్‌వర్క్ నుంచి లేవనిచ్చే సెట్టింగును) ఎనేబుల్ చేసి, బూట్ వరుసలో నెట్‌వర్క్‌ను మొదట పెట్టి సేవ్ చేయండి. బ్యాటరీ మార్చకుండా సెట్టింగులు మాత్రం సరిచేస్తే, ప్లగ్ తీసిన మర్నాడు మళ్లీ అదే కథ.

తెర మీద పీఎక్స్‌ఈ పక్కన ఈ61 అన్న ఎర్రర్ నంబరు వస్తే తప్పు కేబుల్‌ది. మెషిన్ వెనక లాన్ పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా లేదా చూడండి. పనిచేస్తున్న పక్క మెషిన్ కేబుల్ తెచ్చి పెడితే నిమిషంలో తేలిపోతుంది. పిల్లల కాళ్లు తగిలి ప్లగ్ నాలుక విరిగినవే మా దగ్గర ఎక్కువ. లోపలికి తోస్తే టక్కుమని శబ్దం రాదు, వదిలితే వెనక్కి జారుతుంది. కొన కత్తిరించి కొత్త ప్లగ్ క్రింప్ చేయడమే మందు.

ఈ51 అంటే మెషిన్ నెట్‌వర్క్ అడ్రస్ అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు. అన్నిటికీ ఇదే వస్తుంటే సర్వర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వీసు ఆగి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చిన మెషిన్‌కే వస్తే, సర్వర్ జాబితాలో పాత మ్యాక్ అడ్రసే (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబరు) ఉండిపోయిందేమో చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే వస్తుంది. సర్వర్ లేవకముందే మెషిన్లు అడిగి అడిగి మానేస్తాయి. అందుకే కరెంటు పోగానే అరుగు వైపు మెయిన్ ఆపేస్తాను. సర్వర్‌లో లాగిన్ తెర వచ్చాకే, ఐదేసి చొప్పున ఆన్ చేస్తాను.

నన్ను బాగా ఏడిపించింది ఈ53. అడ్రస్ దొరికింది కానీ లేవడానికి దించుకోవాల్సిన బూట్ ఫైలు పేరు రాలేదని అర్థం. ఉదయం లేచిన మెషిన్ మధ్యాహ్నం లేవదు, మళ్లీ కొడితే లేస్తుంది. మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి సర్వర్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్ మీద వెళ్లేవి చూపించే ప్రోగ్రాం) నడిపి, డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టుల మీద ఏం వెళ్తోందో చూస్తే, ఒక ప్రశ్నకు రెండు జవాబులు! ఒకటి మా సర్వర్‌ది. రెండోది 192.168.1.1 నుంచి. స్టాఫ్ రూంలో వైఫై కోసం ఎవరో రౌటర్ తెచ్చి ల్యాబ్ స్విచ్‌కే తగిలించారు. అది కూడా అడ్రసులు పంచుతోంది, కానీ దానికి బూట్ ఫైలు సంగతి తెలియదు. దాని జవాబు ముందు అందిన మెషిన్ ఆగిపోతోంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేశాం, వైఫై వైఫైగానే ఉంది. ఈ53 కనబడితే ముందు కొత్తగా ఏం తగిలించారో అడగండి.

ఈ32 అంటే ఫైలు ఇచ్చే టీఎఫ్‌టీపీ పలకడం లేదు. సర్వీసు నడుస్తోందా, ఫైర్‌వాల్‌లో అది వాడే యూడీపీ 69 పోర్టు తెరిచి ఉందా చూడండి. ఈ3బీ అయితే ఫైలు ఆ చోట లేదు. లినక్స్‌కు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు కాబట్టి పేరు అక్షరం అక్షరం పోల్చండి.

కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ఫైలు) దిగాక ఆగిపోతే పీఎక్స్‌ఈని అనకండి, దాని పని అయిపోయింది. ఎన్ఎఫ్ఎస్ (సర్వర్‌లోని ఫోల్డర్లను నెట్‌వర్క్ మీదుగా ఇచ్చే పద్ధతి) వాడుతుంటే ఆ సర్వీసు, షేర్ చేసిన ఫోల్డరు దారి చూడండి. అవి బాగుండీ అడ్రస్ దగ్గరే ఆగుతుంటే, స్విచ్ మేనేజ్డ్ రకమా (సెట్టింగులు మార్చుకోగలిగేదా) అని చూడండి. దాంట్లో స్పానింగ్ ట్రీ (కేబుళ్లతో లూపు పడకుండా చూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, లింకు తెగి కలిసిన ప్రతిసారీ ఆ పోర్టు దాదాపు 30 సెకన్లు డేటాను పోనివ్వదు. కెర్నల్ నెట్‌వర్క్ కార్డును మళ్లీ మొదటి నుంచి లేపేటప్పుడు లింకు ఒకసారి తెగుతుంది. అంతసేపు కెర్నల్ ఎదురుచూడలేదు, మానేస్తుంది. మెషిన్లు తగిలించిన పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆలస్యం లేకుండా చేసే సెట్టింగు) పెట్టండి. అనుమానం తీరాలంటే మధ్యలో మామూలు ఎనిమిది పోర్టుల స్విచ్ పెట్టి చూడండి. మెషిన్ లింకు తెగినా పెద్ద స్విచ్ వైపు లింకు అలాగే ఉంటుంది కాబట్టి, మెషిన్ వెంటనే లేస్తుంది.