ట్యూబుల్లో గార కట్టిందా? హైడ్రోజెట్ పెట్టే ముందు, పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి

ఉమ్మడి నల్లగొండలో గానీ పాలమూరులో గానీ బోరు నీళ్ళ మీద నడిచే ప్లాంటుకి గార బాధ ఉండనే ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లు బాయిలర్ కావచ్చు, చౌటుప్పల్, జడ్చర్ల పోలేపల్లి వైపు ఫార్మా యూనిట్ కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చేది) కావచ్చు, జరిగేది ఒకటే. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే కార్బొనేట్‌గా మారి లోహానికి అతుక్కుంటుంది, రోజూ ఇంత ఇంత మందం పెరుగుతుంది. ఉక్కు పంపే వేడిలో ఈ గార పదో వంతు కూడా పంపదు. అందుకే ఊక ఎంత వేసినా స్టీమ్ రాదు, కండెన్సర్‌లో వాక్యూమ్ నిలబడదు, ఆపరేటర్‌కి టెన్షన్, ఓనర్‌కి ఖర్చు.

అప్పుడు హైడ్రోజెట్ (ఎక్కువ ప్రెషర్‌తో నీళ్ళు కొట్టి గార వదలగొట్టే పద్ధతి) పెట్టాలనుకుని అందరూ అడిగేది "ఎంత ప్రెషర్ పంపు తేవాలి?" అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. గార ఏ వైపు ఉంది, అది ఏ రకం గార, ఈ రెండూ తేలకుండా పంపు మాట్లాడుకుంటే డబ్బులు పోతాయి, గార అక్కడే ఉంటుంది.

ముందు ఏ వైపో చూడండి. వాటర్ ట్యూబ్ బాయిలర్‌లో నీళ్ళు ట్యూబు లోపల పారతాయి కాబట్టి గార లోపలే ఉంటుంది, లాన్స్ (చివర నాజిల్ ఉండి ట్యూబులోకి దూర్చే పొడుగాటి గొట్టం) పెట్టి కొట్టొచ్చు. కూలింగ్ వాటర్ ట్యూబుల్లో పారే కండెన్సర్లకీ అంతే. కానీ మిల్లుల్లో ఎక్కువగా ఉండే స్మోక్ ట్యూబ్ బాయిలర్‌లో ట్యూబు లోపల పొగ పోతుంది, నీళ్ళు బయట ఉంటాయి. లోపల కొడితే మసి పోతుంది తప్ప గార పోదు. అది ట్యూబుల బయట, వాటి సందుల్లో ఉంటుంది. మ్యాన్‌హోల్, హ్యాండ్‌హోల్ లోంచి గన్‌తో కొంతవరకు కొట్టొచ్చు గానీ మధ్య వరసలకి జెట్ అందదు. అక్కడ ఇన్హిబిటర్ (లోహాన్ని యాసిడ్ తినకుండా కాపాడే మందు) కలిపిన యాసిడ్‌తో, తెలిసినవాళ్ళ చేత కెమికల్ క్లీనింగ్ చేయించుకోవడమే నయం.

ఇక రకం. ట్యూబు మూతి దగ్గర స్క్రూడ్రైవర్‌తో చిన్న పెచ్చు ఊడదీసి, ఆరుబయట, గ్లౌజులు, కళ్ళజోడు పెట్టుకుని, నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క వేయండి. బుసబుసమని పొంగి పెచ్చు మొత్తం కరిగిపోతే కార్బొనేట్, జెట్‌కి బాగానే లొంగుతుంది. కొంచెం పొంగి ఆగిపోయి, గాజు ముక్కలా గట్టిగా మిగిలితే అందులో సిలికా గానీ సల్ఫేట్ గానీ ఉన్నట్టు, దానికి ప్రెషరూ ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి. ఈ పరీక్ష నీళ్ళ వైపు గారకి మాత్రమే. ప్రాసెస్ వైపు, అంటే తయారీ సరుకు పారే వైపు, పేరుకున్న నల్లటి మడ్డి మీద యాసిడ్ వేయకండి, అందులో సల్ఫైడ్ ఉంటే ప్రాణం తీసే గ్యాస్ వస్తుంది.

ఇప్పుడు ప్రెషర్. కార్బొనేట్ గారకి సాధారణంగా 5,000 నుంచి 10,000 పీఎస్ఐ, అంటే సుమారు 350 నుంచి 700 బార్ సరిపోతుంది. సిలికా కలిసిన మొండి గారకి 15,000, 20,000 దాకా వెళ్తారు. కార్లు కడిగే వాషర్ 100, 150 బార్ దగ్గరే ఉంటుంది కాబట్టి దాంతో బురద పోతుంది, గార పోదు. అయితే నేను గట్టిగా చెప్పేది ఏంటంటే, పని కావట్లేదు అనిపించగానే ప్రెషర్ పెంచకండి. గారని పగలగొట్టేది ప్రెషరే గానీ పగిలిన పెచ్చుల్ని బయటికి తోసేది నీళ్ళ ఫ్లో. ఫ్లో చాలకపోతే పెచ్చులు నాజిల్ వెనకే పేరుకుని లాన్స్ ఇరుక్కుంటుంది. 700 బార్ దగ్గర నిమిషానికి 40 లీటర్లు కావాలంటే నీళ్ళ పనికే 47 కిలోవాట్లు అవుతాయి, పంపు నష్టాలు దాని మీద అదనం. అందుకే ఈ పంపులు ఎక్కువగా పెద్ద డీజిల్ ఇంజన్ మీద వస్తాయి.

నాజిల్ ట్యూబు లోపలి కొలతకి సరిగ్గా పట్టేలా ఉండకూడదు, చుట్టూ పెచ్చులు జారే ఖాళీ ఉండాలి. 19 ఎంఎం ట్యూబు అంటే అది బయటి కొలత. గోడ మందం 2 ఎంఎం అయితే లోపల మిగిలేది 15 మాత్రమే, అందులో గార పోను ఇంకా తక్కువ. పూర్తిగా మూసుకుపోయిన ట్యూబుకి ముందుకి కొట్టే రంధ్రం ఉన్న నాజిల్, గోడలకి పట్టిన గారకి పక్కలకీ వెనక్కీ కొట్టే నాజిల్ వాడాలి. వెనక్కి కొట్టే జెట్ లాన్స్‌ని ముందుకి లాగుతుంది, పెచ్చుల్ని వెనక్కి ఊడ్చేస్తుంది. వంపు తిరిగిన యూ ట్యూబులైతే గట్టి లాన్స్ పోదు, ఫ్లెక్సిబుల్ లాన్స్ కావాలి. రాగి, ఇత్తడి ట్యూబులకి తక్కువతో మొదలుపెట్టాలి, లోపల గాడులు ఉండే చిల్లర్ ట్యూబులకైతే తయారీదారు చెప్పిన నైలాన్ బ్రష్ సంగతి ముందు చూడండి.

పంపుకి ఇచ్చే నీళ్ళు శుభ్రంగా ఉండాలి. బోరు నీళ్ళు నేరుగా ఇస్తే ఇసుక పంపు ప్లంజర్ (నీళ్ళని తోసే కడ్డీ) సీళ్ళని తినేస్తుంది, నాజిల్ రంధ్రం పెద్దదై ప్రెషర్ పడిపోతుంది. సాఫ్ట్ వాటర్ ట్యాంకు, దానికి ఫిల్టర్, ఈ రెండూ లేకుండా మొదలుపెట్టకండి.

షట్‌డౌన్ తీసుకున్నాక వాల్వులు మూసి తాళాలు వేయండి, మోటార్ల కరెంటు తీసి ట్యాగ్ కట్టండి, లోపల స్టీమ్ గానీ సాల్వెంట్ గానీ లేదని తేల్చుకున్నాకే కవర్లు విప్పండి. రెండు వైపులా విప్పాలి. టార్చి ఒక చివర పెట్టి ఇంకో చివర నుంచి చూస్తూ, వెలుతురు గుండ్రంగా కనబడే ట్యూబులు, సన్నగా కనబడేవి, అసలు కనబడనివి, మూడింటికీ మూడు రంగుల చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఎదుటి చివర తాడు కట్టి ఎవర్నీ రానీయకూడదు, అడ్డంగా గట్టి షీటు పెట్టాలి. మూసుకుపోయిన ట్యూబులో నీళ్ళు వెనక నుంచి తోస్తే గార బిరడా ఒక్కసారిగా బుల్లెట్‌లా బయటికొస్తుంది.

తెరిచి ఉన్న ట్యూబులతో, పై వరస నుంచి కిందికి మొదలుపెట్టండి. లాన్స్ లోపలికి పెట్టాకే ప్రెషర్, బయటికి తీసే ముందే ప్రెషర్ బంద్. ఇందులో సడలింపు లేదు. నాజిల్‌కి 600 ఎంఎం వెనక హోస్ మీద రంగు టేపు చుట్టండి, వెనక్కి లాగేటప్పుడు టేపు కనబడగానే పెడల్ (ప్రెషర్ ఇచ్చే కాలి మీట) వదిలేయాలి. పెడల్ వదిలితే ప్రెషర్ దానంతట అదే పడిపోవాలి, పని మొదలయ్యే ముందు తక్కువ ప్రెషర్‌లో అది పరీక్షించండి. పెడల్‌ని రాయి పెట్టి, తీగ కట్టి నొక్కి ఉంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అలాంటి టీమ్‌ని గేటు దగ్గరే వెనక్కి పంపండి. నాజిల్ వెనక ఉండే గట్టి భాగం ట్యూబు వ్యాసం కంటే పొడుగ్గా ఉండాలి, లేకపోతే అది లోపలే వెనక్కి తిరిగి మనిషి వైపు వస్తుంది. ట్యూబు మూతి దగ్గర లాన్స్ వెనక్కి ఎగిరి రాకుండా ఆపే స్టాపర్, హోస్ జాయింట్లకి సేఫ్టీ కేబుళ్ళు తప్పనిసరి.

లాన్స్‌ని ఒకే చోట నిలపకండి, నెమ్మదిగా ముందుకి, ఇంకా నెమ్మదిగా వెనక్కి. వచ్చే నీళ్ళు చూస్తూ ఉండండి. తెల్లటి పెచ్చులతో వస్తుంటే పని అవుతున్నట్టు. నీళ్ళు వెనక్కి రావడం ఆగిపోయిందంటే లోపల ఇరుకు అయింది, వెంటనే పెడల్ వదలాలి. గన్ పట్టి కొట్టాల్సి వస్తే 700 బార్, 40 లీటర్ల దగ్గర వెనక్కి తోసే బలం సుమారు 25 కిలోలు ఉంటుంది. ఆ బలం మనిషి బరువులో మూడో వంతు దాటకూడదని ఈ పనిలో నియమం, కాబట్టి బక్కపలచని హెల్పర్ చేతికి గన్ ఇవ్వకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. జెట్ చర్మానికి తగిలితే పైన సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, రక్తం కూడా పెద్దగా రాదు, మనోడు "ఏం కాలే" అని మళ్ళీ పనిలోకి దిగుతాడు. లోపల మాత్రం నీళ్ళు, మురికి, క్రిములు కండలోకి, నరాల దాకా దూసుకుపోయి ఉంటాయి, ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షన్ ఇప్పించి ఇంటికి పంపకండి. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇది హై ప్రెషర్ నీళ్ళు దూసుకెళ్ళిన గాయం, ఇన్ని బార్, నీళ్ళలో ఫలానా కెమికల్ ఉంది అని చెప్పండి. ఈ వివరాలు రాసిన కార్డు ప్రతి ఒక్కరి జేబులో ముందే ఉంచండి, ఎందుకంటే మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు, ఎక్కడికి తీసుకెళ్ళాలో అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకూడదు.

అన్నీ అయ్యాక మళ్ళీ టార్చి పెట్టి ప్రతి ట్యూబూ చూడండి, మామూలు నీళ్ళతో కడగండి, ఆ తర్వాత హైడ్రో టెస్ట్ (నీళ్ళు నింపి ప్రెషర్ ఎక్కించి కారుతుందేమో చూడటం). కొన్ని ట్యూబులు అప్పుడే కారడం మొదలవుతాయి, కాంట్రాక్టర్ పగలగొట్టాడని గొడవ పడతారు. చాలాసార్లు ఆ ట్యూబు గార కింద ఎప్పుడో గుంటలు పడి పల్చబడి ఉంటుంది, గారే దాన్ని మూసి పెట్టింది. వచ్చిన మురుగు నీళ్ళని గుంటలో నిలిపి పెచ్చులు కిందికి దిగనివ్వండి, ఫార్మా యూనిట్ అయితే నేరుగా ఈటీపీకే (మురుగు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకి) పంపాలి, పక్క పొలాల్లోకీ చెరువులోకీ వదలడం కుదరదు.

గార మళ్ళీ ఎప్పుడు కట్టేది సాఫ్ట్‌నర్ (నీళ్ళలో కాల్షియం తీసే యంత్రం) మీద ఆధారపడి ఉంటుంది. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ చూసి నీళ్ళు బాగున్నాయనుకోకండి, సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది కాబట్టి టీడీఎస్ పెద్దగా మారదు. హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ కొని, రోజూ షిఫ్టు మొదట్లో సాఫ్ట్‌నర్ తర్వాతి నీళ్ళు పరీక్షించి పుస్తకంలో రాయించండి. కిట్‌లో హార్డ్‌నెస్ ఉన్నట్టు రంగు మారిన రోజే ఉప్పుతో రీజనరేషన్ (సాఫ్ట్‌నర్‌ని మళ్ళీ పనికొచ్చేలా చేయడం) చేయించండి.