చేపల మేత కలపడం – 5వ పాఠం: తవుడులో నూనె, చేపలో కొవ్వు

కొవ్వు చేప ఒంట్లో ఎక్కడ చేరుతుందో ఈసారి చెప్పాలనుకున్నాను గాని, కిందటి పాఠంలోని లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ముందు దానిని సరిచేయక తప్పడం లేదు. 60 కిలోల తవుడు, 40 కిలోల వేరుశనగ చెక్క కలిపితే కొవ్వు ఎంత శాతమని అడిగాను. కొందరు సుమారు 12 అన్నారు, మరికొందరు మూడున్నర దాటదన్నారు. ఇరువురి గుణకారమూ సరైనదే. చిక్కంతా ‘తవుడు’ అన్న మాటలో ఉంది. దానిని విడమరచకుండా లెక్క ఇచ్చిన పొరపాటు నాది.

రైస్ మిల్లు నుంచి నేరుగా వచ్చే పచ్చి తవుడులో నూటికి సుమారు 15 పాళ్లు నూనె ఉంటుంది. నూనె తీసేశాక మిగిలేది, మన రైతులు డీఓబీ (డీ-ఆయిల్డ్ బ్రాన్) అనేది, అందులో ఒక్క శాతం ఉంటే గొప్ప. గానుగ వేరుశనగ చెక్కకు 7 పాళ్లు వేసుకుంటే, పచ్చి తవుడుతో 9, చెక్కతో 2.8, వెరసి 11.8 శాతం. డీఓబీతో అయితే 0.6, 2.8 కలిసి 3.4 మాత్రమే. బొచ్చె, శీలావతి వంటి వాటికి 5 నుంచి 8 శాతం చాలు కనుక, ఒకే చీటీ మీద రాసిన మేత ఒక ఇంట్లో మితిమీరుతుంది, పక్కింట్లో చాలకపోతుంది. బస్తా మీద ‘తవుడు’ అని మాత్రమే ఉంటే నేను కొననే కొనను. పచ్చి తవుడైనా మిల్లాడిన రోజునే తెస్తాను. బియ్యం నుంచి విడిపోయిన క్షణం నుంచే అందులోని ఎంజైము నూనెను విరగగొట్టడం మొదలుపెడుతుంది. పిడికిట నలిపి వాసన చూస్తే కంపు తెలిసిపోతుంది. చెడిన నూనె చేపలోని విటమిన్ ఇ ని హరిస్తుంది, కాలేయాన్ని పాడుచేస్తుంది.

ఇక అసలు సంగతి. గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు ఇస్తుంది, గ్రాము మాంసకృత్తులు సుమారు 4. మేతలో తగినంత కొవ్వు ఉంటే ఖరీదైన చెక్కలోని మాంసకృత్తులు పొయ్యిలో కట్టెల్లా కాలిపోకుండా కండగా మారతాయి. అవసరాన్ని మించిన కొవ్వు నిల్వకు పోతుంది. కాడ్ చేప దానిని కాలేయంలో దాస్తుంది, నూనె కవ్వలు కండలోనే దాస్తాయి, మన బొచ్చె మాత్రం ప్రధానంగా పేగుల చుట్టూ తెల్లగా పేర్చుకుంటుంది. ఆ తెలుపును చూసి ‘బాగా బలిసింది’ అని మురిసిపోవడం నాకు నచ్చదు. కత్తిపీట దగ్గర పారేసేది మనం డబ్బు పోసి కొన్న మేతే. అయితే కొంత నిల్వ ఉండవలసిందే. పలమనేరు వైపు చలికి మేత ముట్టని రోజుల్లో చేప దానినే కరిగించుకుంటుంది, గుడ్లు కట్టేటప్పుడూ దానినే వాడుకుంటుంది.

కొవ్వు ఎంత అన్నదే కాదు, ఏది అన్నదీ చూడాలి. వేరుశనగ నూనెలో లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒమేగా-3 జాతి కొవ్వు, లేనట్టే. అవిసె నూనెలో సుమారు సగం అదే. మంచినీటి చేపలు దాని నుంచి పొడవైన ఒమేగా-3 కొవ్వులను తామే కొంతవరకు తయారుచేసుకోగలవు, సముద్రపు చేపలకు ఆ శక్తి బహు తక్కువ. మన జిల్లాలో వేరుశనగ చెక్క సులువుగా దొరుకుతుందని దానితోనే సరిపెట్టేవారు కాస్త అవిసె చెక్క కలపాలి.

అభ్యాసం: కిలో దాటిన బొచ్చెలు మూడు తీసుకోండి, ఒకటి మీ చెరువుది, రెండు తిరుపతి మార్కెట్‌వి. పేగులు పారేయవద్దని కోసేవారికి ముందే చెప్పండి. పేగుల చుట్టూ ఉన్న తెల్లని కొవ్వును ఓపికగా వేరుచేసి చిన్న త్రాసులో తూచండి; 1200 గ్రాముల చేపలో 36 గ్రాములుంటే 3 శాతం. మూడింటి లెక్కతో పాటు మీ చెరువుకు వేసిన తవుడు ఏదో రాయండి, ఈసారి పచ్చిదా, డీఓబీనా అన్నది స్పష్టంగా.